మాస్టారి కోసం రుచి చూసిన గురువారాలు

మాస్టారు పోయారన్న మెసేజ్ వచ్చేసరికి నేను డబ్లిన్‌లో ఆఫీసుకు వెళ్ళే లువాస్ ట్రాములో నిలబడి ఉన్నాను. పంపింది ఆయన భార్య. "ఈ తెల్లవారుజామున వెళ్ళిపోయారు. బాధ పడలేదు. నీకు చెప్పమన్నారు" అని మూడే ముక్కలు. చదివి ఫోను జేబులో పెట్టుకున్నాను. శాండీఫోర్డ్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, జనం దిగారు, తలుపులు మూసుకున్నాయి. నేను దిగలేదు. నాలుగు స్టాపులు దాటాక గానీ మా ఆఫీసు వెనకే ఉండిపోయిందని తెలియలేదు. దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి, మేనేజరుకు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి ఇంటికి వెళ్ళిపోయాను. ఆయన నాకు బంధువు కాదు. స్నేహితుడు అందామంటే నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్ద. ఎవరు పోయారని చెప్పి సెలవు అడగాలో తోచలేదు, అందుకే ఆ అబద్ధం.

మాస్టారు అంటే బడిలో పాఠాలు చెప్పినాయన కాదు. శాండీఫోర్డ్‌లో మా ఆఫీసు వెనక సందులో, టైర్ల షాపు పక్కన, ఎనిమిది టేబుళ్ళ చిన్న హోటలు నడిపిన జపాన్ పెద్దాయన. మన హోటళ్ళలో వంట చేసేవాణ్ణి మాస్టర్ అంటాం కదా, వాళ్ళ దేశంలో కూడా ఇలాంటి చిన్న హోటలు నడిపేవాణ్ణి అదే మాటతో పిలుస్తారట. కస్టమర్లందరూ మాస్టర్ అనేవాళ్ళు, నా నోట్లో అది మాస్టారు అయింది. ఆయన అమ్మేది ఒకటే వస్తువు, ఒకోనొమియాకి. మనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, క్యాబేజీ దండిగా వేసిన మందపాటి అట్టు. గోధుమపిండి జారులో సన్నగా తరిగిన క్యాబేజీ, గుడ్డు కలిపి ఇనప పెనం మీద కాలుస్తారు. పైన తీపీ పులుపూ ఉప్పూ కలిసిన చిక్కటి నల్లటి సాసు పూస్తారు. ప్రతి టేబుల్ మధ్యలోనూ ఒక పెనం ఉండేది. ఆయన్ని కాల్చి ఇమ్మంటే ఇచ్చేవారు, సరదా ఉంటే మనమే కాల్చుకోవచ్చు.

ఇది రాయడానికి ఒక కారణం ఉంది. ఆఖరి ఐదేళ్ళూ మాస్టారికి రుచి తెలియదు. వాసనా తెలియదు. ఆ సంగతి డబ్లిన్‌లో ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకుండా హోటలు నడిపారు. ఆయన వండింది రుచి చూసి చెప్పింది నేను. అంత్యక్రియలు అయిపోయిన వారానికి ఆయన భార్యను కలిసి, ఇది రాయవచ్చా అని అడిగాను. ఆవిడ లిమరిక్ మనిషి, మాట ఎప్పుడూ సూటిగా ఉంటుంది. "రాయి. దాచుకోవాలనుకున్న మనిషి వెళ్ళిపోయాడు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?" అంది.

మొదటిసారి ఆ హోటలుకు నేనూ మా ఆవిడా మా అమ్మాయీ కలిసి వెళ్ళాం. మాది తెనాలి వైపు. చేపా మాంసం ముట్టం. గుడ్డు మాత్రం ఐర్లాండు వచ్చాక మొదలుపెట్టాం, ఊళ్ళో పెద్దవాళ్ళకి ఇప్పటికీ చెప్పలేదు. పిండిలో ఏం కలుపుతారని అడిగితే ఎండు చేపలు మరిగించిన నీళ్ళు కలుపుతామని మాస్టారు చెప్పారు. మా మొహాలు చూసి, ఒక్క మాట అడక్కుండా లోపలికి వెళ్ళి, మామూలు నీళ్ళతో వేరే పిండి కలిపి తెచ్చారు. సాసు కూరగాయలతో చేసిందే, భయపడక్కర్లేదని కూడా చెప్పారు.

పెనం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. కాల్చుకుంటానని అట్లకాడ అందుకున్నాను. ఇంట్లో అట్టు తిరగేశాక ఒత్తినట్టే ఇక్కడా గట్టిగా ఒత్తాను. చుయ్యిమంది. ఆ చప్పుడు వినగానే మాస్టారు వంటగదిలోంచి దాదాపు పరిగెత్తుకొచ్చి నా చేతిలో అట్లకాడ లాక్కున్నారు.

"ఒత్తకండి. లోపల క్యాబేజీ ఊపిరి పీల్చుకుంటోంది."

మా అమ్మాయికి అప్పటికి ఏడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇక్కడి ఇంగ్లీషే. "హీ గేవ్ అవుట్ టు యూ, డాడీ!" అని చప్పట్లు కొట్టింది. తిట్లు తినడాన్ని ఇక్కడి పిల్లలు అలా అంటారు. మా ఆవిడ కూడా ఏమాత్రం దాచకుండా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ హోటలు మా ఇంట్లో అందరికీ నచ్చింది, నన్ను తిట్టే మనిషి దొరికినందుకేనని నా అనుమానం.

తరవాత నేనొక్కణ్ణే మధ్యాహ్నం భోజనానికి వెళ్ళడం అలవాటైంది. ఆ చలికాలంలో ఒక రోజు, సాసు నాలుక మీద పడగానే నాకు కళ్ళు తిరిగాయి. ఉప్పు రెండుసార్లు పడిందని తెలిసిపోతోంది. ఇక్కడ మా నాన్నగారి గురించి ఒక్క ముక్క చెప్పాలి. పెట్టిన భోజనానికి వంక పెడితే ఆయన ఊరుకునేవారు కాదు. కూరలో ఉప్పు లేకపోయినా, మజ్జిగపులుసు విరిగిపోయినా, తిని లేచి బాగుంది అనాలి. వండిన మనిషి తరవాత తింటుంది, అప్పుడు తనకే తెలుస్తుంది, నువ్వు చెప్పక్కర్లేదు అనేవారు. ఆ పెంపకంలో పెరిగినవాణ్ణి. అట్టు మొత్తం తిన్నాను. బల్ల మీది జగ్గులో నీళ్ళన్నీ తాగాను. కౌంటర్ దగ్గర కూర్చున్న ఆయన భార్య "అంతా గ్రాండేనా?" అని అడిగితే "గ్రాండ్" అన్నాను, ఇక్కడ బాగుంది అనడానికి అదే మాట.

పక్క టేబుల్ దగ్గర టైర్ల షాపు మెకానిక్ కూర్చున్నాడు, పోలండు మనిషి. అతనికి ఇలాంటి పెంపకం లేదు. ఒక్క ముద్ద తిని ప్లేటు అవతలికి నెట్టి, "మాస్టర్, ఇదేంటి, సముద్రం తాగినట్టుంది" అని గట్టిగా అన్నాడు. మాస్టారు వచ్చి సాసులో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నారు. మొహంలో ఏ మార్పూ లేదు. మళ్ళీ ముంచారు. అప్పుడు తల తిప్పి నా ఖాళీ ప్లేటు చూశారు, ఖాళీ జగ్గు చూశారు. మెకానిక్‌కి క్షమాపణ చెప్పి, ఆ గిన్నెడు సాసూ పారబోసి కొత్తది చేశారు.

జనం తగ్గాక వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"మీరు మొత్తం తిన్నారు. ఉప్పు ఎక్కువైందా?"

"కొంచెం."

"జగ్గెడు నీళ్ళు తాగారు. కొంచెం కాదు."

నేను తల దించుకున్నాను. ఆయన ఒకసారి కౌంటర్ వైపు చూసి, భార్య ఫోనులో మాట్లాడుతోందని ఖాయం చేసుకుని, గొంతు తగ్గించారు.

"నాకు తెలియలేదు. పోయిన చలికాలం పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, దాంతో పాటు ముక్కూ నాలుకా పోయాయి. ఏం తిన్నా తడి కాగితం తిన్నట్టే ఉంటుంది. చెంచాల లెక్క పెట్టుకుని వండుతున్నాను. ఇవాళ లెక్క తప్పింది. ఇంకా ఎన్నిసార్లు తప్పిందో నాకు తెలియదు. ఈ దేశంలో ఎవరూ చెప్పరు. సగం వదిలేసి గ్రాండ్ అంటారు, మళ్ళీ రారు."

"మేడమ్‌కి చెప్పలేదా?"

"చెబితే రేపే షట్టరు దించమంటుంది. ఆమె అనడం తప్పు కాదు. నాలుక లేని వంటవాడి చేతి తిండి ఎవరు తింటారు? కానీ నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. ఈ పెనం ముందు నిలబడకపోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో కూడా తెలియదు."

అలా చెప్పి, తన కోసం రుచి చూసి పెడతారా అని అడిగారు. నన్నే ఎందుకు, ఆ మెకానిక్ ఉన్నాడుగా, నిజం చెబుతున్నాడుగా అన్నాను.

"అతను నిజం చెబుతాడు, వీధంతా చెబుతాడు. మీరు ఎవరికీ చెప్పరు. నాకు కూడా చెప్పలేదు. మీకు నిజం చెప్పడం నేర్పితే సరిపోతుంది."

వారానికి సరిపడా సాసు ఆయన గురువారం పొద్దున్న కాచేవారు. ఆయన భార్య గురువారం పొద్దున్నే స్నేహితురాళ్ళతో సముద్రంలో ఈతకు వెళ్ళేది, గడ్డకట్టే చలిలో కూడా. ఇంట్లో హీటింగ్ పెంచుకుని కూర్చునే మాలాంటివాళ్ళకు ఆ సరదా ఏమిటో ఎప్పటికీ అర్థం కాదు గానీ, మాకు అది కలిసొచ్చింది. ఎనిమిదింటికి నేను వెనక తలుపు తట్టేవాణ్ణి, తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉండేవాణ్ణి. టీములో వాళ్ళు నేను గురువారాలు జిమ్‌కి వెళ్తున్నాననుకునేవాళ్ళు. నా పొట్ట చూసి కూడా అలా ఎలా అనుకున్నారో మరి.

మొదటి గురువారమే చిక్కు వచ్చింది. సాసు రుచి చూశాను, బాగానే ఉంది. తరవాత పిండిలో కలిపే చేపల నీళ్ళు చెంచాతో అందించారు. చెంచా నోటి దాకా తెచ్చాను, అంతకు మించి చెయ్యి కదల్లేదు. ఆయన పరువు నా నాలుక మీద ఆధారపడి ఉందని తెలుసు. అయినా నావల్ల కాలేదు.

"మన్నించండి. ఇది నేను నోట్లో పెట్టలేను."

ఆయన చెంచా వెనక్కి తీసుకుని సింకులో పెట్టారు. ఒక్క చుక్కకి ఏమవుతుంది అని అనలేదు. అదే నాకు ఆయన మీద మొదటి గౌరవం. మరో రెండు గురువారాలు నాతో సాసు మాత్రమే రుచి చూపించారు. ఆ తరవాతి గురువారం పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి. ఒకదాంట్లో ఎండిన సముద్రపు నాచు, ఇంకోదాంట్లో ఎండు పుట్టగొడుగులు నానబెట్టి మరిగించిన నీళ్ళు. "ఇది నువ్వు తాగొచ్చు" అన్నారు. నాకు చేపల నీళ్ళ బదులు ఇవి వేరేగా చేశారేమో అనుకున్నాను. కాదు. ఆ వారం నుంచి హోటలు మొత్తానికీ అవే నీళ్ళు. రుచి చూసే ఒకే ఒక్క మనిషి చేప తినడు కాబట్టి, ముప్ఫై ఏళ్ళుగా వాడుతున్న వస్తువు మార్చేశారు. రుచి మారిందే అని పాత కస్టమర్లు అడిగితే, "వయసొచ్చింది, తేలిక తిండి మంచిది" అనేవారు. ఆ తరవాత డబ్లిన్ అవతలి కొసన ఉన్న బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి మనవాళ్ళు కార్లేసుకుని రావడం మొదలైంది. "అంకుల్, ఇది ప్యూర్ వెజ్జేనా? గుడ్డు తప్ప ఏం లేదుగా?" అని పిల్లలతో అడిగించేవాళ్ళు. ఆయన ఔనని తలూపి నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయేవారు.

మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. కానీ నా చెవికి ఆయన మాట మొదట్లో మీరు అన్నట్టు వినిపించేది, ఆ పుట్టగొడుగుల నీళ్ళ రోజు నుంచి నువ్వు అన్నట్టు వినిపించింది. కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను.

ఆయన పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం. ముక్కూ నాలుకా లేని లోటు చెవులతో చేతులతో పూడ్చుకున్నారు. అట్టు ఎప్పుడు తిరగెయ్యాలో పెనం చప్పుడు విని చెప్పేవారు. మొదట గోల చేస్తుంది, నీళ్ళు ఇగిరిపోయాక చప్పుడు సన్నబడుతుంది, అప్పుడు తిప్పాలి. వానలు ఎక్కువ పడిన వారం క్యాబేజీని చేత్తో పిండి చూసి పిండిలో నీళ్ళు తగ్గించేవారు. వానలు పడని వారం ఇక్కడ ఎప్పుడుందని అడిగితే, "జూన్‌లో ఒకటి ఉండేది" అన్నారు. అన్నిటికంటే నాకు బాగా గుర్తుండేది ఇంకోటి. నేను చెంచా నోట్లో పెట్టుకునేటప్పుడు ఆయన నా వైపు చూసేవారు కాదు. కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. చూస్తే నేను మొహమాటపడతానని ఆయన భయం.

ఆ భయం ఊరికే పోలేదు. రెండో ఏడు ఆకురాలే కాలంలో వాళ్ళ పెరట్లో ఆపిల్స్ బాగా కాశాయి, పుల్లగా ఉండే రకం. వాటితో కొత్త సాసు చేస్తానని నెల రోజులు ఊరించారు. ఆ గురువారం నేను వెనక తలుపు తీయగానే మాడు వాసన కొట్టింది. గిన్నె అడుగంటింది. పొయ్యి దగ్గర మాస్టారు ఈల వేసుకుంటూ గరిటె తిప్పుతున్నారు. ఆయన ఈల వెయ్యగా అదే మొదటిసారి వినడం. ఆ వారమే జీపీ డాక్టరు ఆయన్ని గుండె పరీక్షలకు పంపారని నాకు తెలుసు. చెంచా అందుకుని రుచి చూశాను. ఆపిల్ లేదు, పులుపు లేదు, మాడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నారు, వీపు మాత్రం కనిపిస్తోంది.

"బాగుంది" అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం హోటలంతా ఒక బడివాళ్ళు బుక్ చేసుకున్నారు, ఎవరో టీచరమ్మ రిటైర్ అవుతున్నారట. నేను ఆఫీసులో కూర్చున్నాను గానీ ఏ మీటింగులో ఏం విన్నానో తెలియదు. వెళ్ళి చెప్పేస్తే సరిపోయేది. సరిపోయేదని ఇప్పుడు అంటున్నాను, అప్పుడు కుర్చీలోంచి లేవలేదు.

తరవాతి గురువారం వెళ్ళేసరికి పొయ్యి వెలిగించలేదు. మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఖాళీ చెంచా ఒకటి.

"పోయిన వారం సాసు ఏ రుచి వచ్చింది?"

"బాగానే..."

"బాగుంది అన్నది రుచి కాదు. అది మర్యాద. మర్యాద చెప్పడానికి నాకు దేశం నిండా మనుషులున్నారు. వాళ్ళందరూ లవ్లీ అన్నారు, ప్లేట్లు నేనే తీశాను. ఒక్కరూ సగం కూడా తినలేదు. రిటైర్ అయినావిడ మాత్రం పాపం మొత్తం తింది, నీలాగే."

"మాడింది. తలుపు తీయగానే వాసన తెలిసింది. మీరు ఈల వేస్తున్నారు. చెప్పలేకపోయాను" అన్నాను.

ఆయన ఖాళీ చెంచా పక్కకు జరిపారు. "ఈల వేస్తున్నానా?" అని మాత్రం అడిగారు.

"ఔను."

"నేను సంతోషంగా ఉంటే నువ్వు అబద్ధం చెబుతావన్నమాట. అయితే ఇక వెయ్యను."

నిజంగానే ఆ తరవాత ఎప్పుడూ వెయ్యలేదు. నేను చేసిన తప్పుల్లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. మనిషి నోటి మీది ఈల నా మర్యాద వల్ల పోయింది.

ఆ రోజు నుంచి ఆ వంటగదిలో బాగుంది, పర్వాలేదు, గ్రాండ్ అన్న మాటలు నిషేధం. ఏ రుచి ముందు వస్తోంది, నాలుక మీద ఎక్కడ తగులుతోంది, ఎంతసేపు ఉంటోంది, వెళ్ళాక ఏం మిగులుతోంది, అంతా విడమరిచి చెప్పాలి. మొదట్లో నాకు మాటలే దొరికేవి కాదు. ముప్ఫై ఏడేళ్ళు మూడు పూటలా తిన్నవాణ్ణి, ఒక్క ముద్ద గురించి నాలుగు వాక్యాలు చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో అసలే రాలేదు. వగరుకి ఏం చెప్పను? కమ్మగా ఉందని ఎలా చెప్పను? చివరికి ఆ మాటలు తెలుగులోనే అని, చేతులు తిప్పుతూ వివరించేవాణ్ణి. పచ్చి అరటికాయ కొరికితే నోరు ఎలా పట్టేస్తుందో నటించి చూపించాను. మరుసటి వారం నాచు నీళ్ళు అందిస్తూ, "వగరు ఉందా?" అన్నారు. ర అక్షరం ఆయన నోట్లో సరిగ్గా పలకదు. అయినా ఎవరికైనా అర్థమయ్యేట్టే అన్నారు.

ఈ విద్య ఇంట్లో ప్రదర్శించబోయి భంగపడ్డాను. ఒక ఆదివారం మా ఆవిడ పెట్టిన చారు ఒక గుక్క తాగి, "ముందు చింతపండు వస్తోంది, మిరియం వెనకబడింది, ఇంగువ ఎక్కడా ఆగట్లేదు" అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంటండీ, ఆ జపాను పెద్దాయన దగ్గర నేర్చుకున్నదంతా నా చారు మీద చూపిస్తున్నారా?"

"కాదు, ఉన్నది చెబుతున్నా."

"పదకొండేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం మరి? ఏం వండినా బాగుంది, బాగుంది. గోడకి పెట్టినా అంతేగా అనుకునేదాన్ని."

కోపం వచ్చిందనుకున్నాను. గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టి, మిరియాలు దంచి వేసి, ఇంకో గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి పక్కనే కూర్చుంది. "ఇప్పుడు చెప్పండి" అంది. మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు మొదలైంది ఆ రోజే. దానికి నేను మాస్టారికి రుణపడి ఉన్నాను. ఆయనతో ఈ మాట అనలేదు, అంటే మర్యాద చెబుతున్నానని తిట్టేవారు.

పోయిన ఏడాది చివర ఆయన గుండె బాగా బలహీనపడింది. పెనం ముందు నిలబడకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. హోటలు మూసేశారు. మూసేసిన రోజు సాయంత్రం ఆయనే భార్యకు అంతా చెప్పేశారు. ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు నాకు ఫోను చేసి మాట్లాడింది.

"రుచి తెలియనందుకు కాదు నా కోపం. ఐదేళ్ళు నా స్ట్యూ తిని లవ్లీ, లవ్లీ అన్నాడు! నీకేమో అబద్ధం చెప్పొద్దని పాఠాలు!" అంటూ అరిచి, అరుస్తూనే ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని, "గురువారాలు మానొద్దు. ఇంటికి రా. నేను ఈతకు వెళ్ళను, అంతే తేడా" అంది.

అలా మరో పది గురువారాలు వాళ్ళింటికి వెళ్ళాను. రుచి చూడటానికి ఏమీ లేదు. ఆయన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చునేవారు, ఆవిడ టీ ఇచ్చేది, వాన గురించీ మా అమ్మాయి హైస్కూలు గురించీ మాట్లాడుకునేవాళ్ళం. ఆయనకు తిండి మీద ధ్యాస పూర్తిగా పోయింది. నర్సు బతిమాలినా రెండు చెంచాలు దాటేవారు కాదు. కాగితం ఎంతని నమలను, అనేవారు. బతకడానికి తినాలి, తినడానికి కారణం కనిపించట్లేదు. ఆవిడ నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ ప్రతిసారీ వచ్చే వారమైనా ఏదో ఒకటి తినిపించమని అడిగేది. నాకు చేతకాలేదు.

ఆఖరి గురువారం సంగతి చెప్పి ముగిస్తాను. మా ఆవిడ పొద్దున్నే లేచి దిబ్బరొట్టె వేసింది. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపి మూకుట్లో మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చే మందపాటి రొట్టె, మాస్టారి అట్టుకు దూరపు చుట్టం. పక్కన అల్లప్పచ్చడి. "రుచి తెలియకపోతే పోయింది, వేడివేడిగా మెత్తగా ఉంటుంది, నోటికి హాయి" అని స్టీలు డబ్బాలో పెట్టి తువ్వాలు చుట్టి ఇచ్చింది.

మాస్టారు డబ్బా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. నేను చిన్న ముక్క తుంచి, పచ్చడిలో అద్ది, నా నోట్లో పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ ఆయన కిటికీ వైపు తిరగబోయారు, మంచం మీద తిరగలేక ఆగిపోయారు. అప్పుడు నాకు తోచింది. ఇంకో ముక్క తుంచి, అద్ది, ఆయనకు అందించాను. "మీరు నమలండి, నేను చెబుతాను" అన్నాను.

నన్ను ఎగాదిగా చూశారు. తీసుకుని నోట్లో పెట్టుకున్నారు.

"ముందు మినప్పప్పు. కమ్మగా ఉంది. పాలలా కాదు, వేయించిన పప్పులా. ఇప్పుడు అడుగున ఎర్రగా కాలిన పెచ్చు పంటి కింద పడుతుంది. చేదు దాకా వెళ్ళి, చేదు కాకుండా ఆగిపోయింది." ఆయన దవడ నా మాటకు తగ్గట్టు మెల్లగా కదులుతోంది. నేను ఆపితే ఆపుతున్నారు. గుమ్మం దగ్గర ఆవిడ టీ కప్పు పట్టుకుని కదలకుండా నిలబడింది. "ఇప్పుడు బెల్లం. నాలుక కొస మీద. ఎక్కువసేపు ఉండదు, దాని వెనకే చింతపండు వస్తోంది, దవడల దగ్గర, నోరు ఊరుతుంది. ఉప్పు విడిగా తెలియదు, సరిపోయింది కాబట్టి తెలియదు. ఇప్పుడు..."

ఆయన చెయ్యెత్తారు.

"ఆగు. చెప్పకు."

మొహం ఎర్రబడింది. ముక్కు ఎగబీల్చారు. అల్లమూ ఎండుమిరపకాయా కలిసిన గుంటూరు కారం ఆయన ఇంట్లోకి ఎప్పుడు వెళ్ళింది గనక, రుచి పోయిన నాలుకకీ ఈ మంట తగులుతుందని ఆయనకు గానీ నాకు గానీ తెలియడానికి? కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొంగాయి, చెంపల మీదికి జారాయి. ఆవిడ కంగారుగా నీళ్ళ గ్లాసు తెచ్చింది. ఆయన వద్దని తల ఊపి గ్లాసును మోచేత్తో పక్కకు నెట్టారు.

"ఇది నాకే తెలిసింది" అన్నారు.

కన్నీళ్ళు తుడుచుకోలేదు. డబ్బా ఒళ్ళోకి లాక్కుని, తానే ఒక ముక్క తుంచి, పచ్చడిలో నిండా ముంచి, చుక్కలు దుప్పటి మీద పడుతున్నా చూసుకోకుండా నోట్లో పెట్టుకున్నారు.